కెమెరా కోసం నేరం.. తెరకు దూరం

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్: దిల్‌సుఖ్‌నగర్‌లో దారి అడిగితే నేటికీ చాలామంది థియేటరు పేరే చెబుతారు. కోణార్క్, వెంకటాద్రి, మేఘా, గంగ, రాజధాని.. బస్సు దిగాల్సిన చోటు, స్నేహితుడిని కలవాల్సిన చోటు, హాస్టలు సందుకు గుర్తు అన్నీ అవే. నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల నుంచి కోచింగ్ కోసం వచ్చే విద్యార్థులకు నగరంతో తొలి పరిచయం ఈ రోడ్డు మీదే జరుగుతుంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం జంట పేలుళ్లు సంభవించినప్పుడు సైతం దేశమంతటికీ ఆ స్థలాలు తెలిసింది కోణార్క్, వెంకటాద్రి పేర్లతోనే.

సినిమాతో ఇంతగా పెనవేసుకున్న ప్రాంతంలో ఒక తరహా చిత్రాలు మాత్రం దాదాపు కనిపించవు. యువకుల హింసను, సామాజిక మాధ్యమాల్లో పేరు కోసం పడే తహతహను కథగా తీసుకుని, పెద్ద సంస్థల అండ లేకుండా తక్కువ ఖర్చుతో తీసే థ్రిల్లర్లు అవి. ఎవరి గురించి తీశారో ఆ వయసు వారే వేల సంఖ్యలో ఈ రెండు కూడళ్ల మధ్య తిరుగుతున్నారు. సినిమా వారి దగ్గరకు రావడం లేదు. దానిలోంచి కత్తిరించిన ముప్పై సెకన్ల ముక్క మాత్రం ఫోనులోకి వస్తోంది. అనేక సందర్భాల్లో ఆ ముక్క చెప్పేది, మొత్తం సినిమా చెప్పేది పరస్పర విరుద్ధంగా ఉండటం గమనార్హం.

ఏమిటీ సినిమాలు?

మామూలు థ్రిల్లర్‌లో నేరం ఎవరు చేశారన్నది ప్రశ్న. ఈ తరహా చిత్రాల్లో నేరస్తుడు మొదటి నుంచే మన కళ్ల ముందు ఉంటాడు. ఎవరు చూస్తారని చేశాడన్నది ఇక్కడి ప్రశ్న. డబ్బు, పగ, ప్రేమ అనే పాత కారణాల పక్కన నాలుగో కారణం వచ్చి కూర్చుంది. అదే చూపు. పదిమంది కళ్లు తన మీద పడాలన్న కోరిక.

ఇది ఇన్‌స్టాగ్రామ్‌తో పుట్టిన కోరిక కాదు. ఆస్ట్రియా దర్శకుడు మైఖేల్ హనెకె 1992లోనే ‘బెన్నీస్ వీడియో’ తీశారు. బెన్నీ కలిగిన ఇంటి పిల్లవాడు. గదిలో కెమెరా, టీవీ, వీడియో క్యాసెట్లే లోకం. పందిని వధించే దృశ్యాన్ని వెనక్కి తిప్పి తిప్పి చూస్తుంటాడు. ఒకరోజు ఇంటికి తీసుకొచ్చిన బాలికను పశువులను చంపే తుపాకీతోనే కాల్చి చంపుతాడు. గదిలో కెమెరా తిరుగుతూనే ఉంటుంది. ప్రేక్షకుడికి మాత్రం ఆ హత్య సరిగా కనబడదు. గదిలోని చిన్న టీవీ తెర మీద ఒక మూల కనిపిస్తుంది, మిగిలినదంతా శబ్దమే. ఆ తరువాత తల్లిదండ్రులు వీడియో చూస్తారు. చూసి, కొడుకును పోలీసులకు అప్పగించాలా, శవాన్ని మాయం చేయాలా అని లెక్కలు వేసుకుంటారు. సినిమాలో అసలు భయం పుట్టించేది ఆ లెక్కలే. హత్య వినోదంగా మారకుండా చూడటానికి దర్శకుడు ఎంచుకున్న పద్ధతి చాలా సులువైనది. కెమెరాను పక్కకు జరిపారు, అంతే.

జపాన్‌లో షుంజీ ఇవాయ్ 2001లో తీసిన ‘ఆల్ అబౌట్ లిలీ చౌ-చౌ’లో బడి పిల్లలు పగలు ఒకరినొకరు హింసించుకుంటారు. రాత్రి అదే పిల్లలు మారుపేర్లతో ఇంటర్నెట్‌లో ఒక గాయని అభిమానులుగా కలుసుకుని మనసు విప్పుకుంటారు. ఎదురుగా ఉన్నది తనను కొట్టినవాడేనని రెండోవాడికి తెలియదు. ఫేస్‌బుక్ పుట్టడానికి మూడేళ్ల ముందు వచ్చిన చిత్రమిది.

మన దేశంలో ఈ దారిలో గట్టిగా అడుగువేసింది దిబాకర్ బెనర్జీ. 2010లో వచ్చిన ఆయన హిందీ చిత్రం ‘లవ్ సెక్స్ ఔర్ ధోఖా’ మొత్తం చేతి కెమెరా, దుకాణంలోని సీసీ కెమెరా, స్టింగ్ ఆపరేషన్ రహస్య కెమెరా చూసినట్లే నడుస్తుంది. మొదటి కథలో ఫిల్మ్ స్కూలు విద్యార్థి ఒకడు ప్రేమించిన అమ్మాయితో పారిపోతాడు. ఆమె కులం వేరు, అంతస్తు వేరు. తమ ప్రేమను ఏ కెమెరాతో సంబరంగా చిత్రించుకున్నాడో అదే కెమెరాలో చివరకు వారి పరువు హత్య నమోదవుతుంది. పరువు హత్యల వార్తలు తరచూ రాసే ఈ ప్రాంత విలేకరులకు ఆ కథ వివరించనక్కర్లేదు. 2024లో దీని రెండో భాగం రియాలిటీ షోలు, గేమింగ్ యూట్యూబర్ల మీదకు వచ్చింది.

చూసేవాడికీ వాటా

ఈ చిత్రాల్లో బలమైనవి ప్రేక్షకుడిని తప్పించుకోనివ్వవు. 2020లో వచ్చిన అమెరికా చిత్రం ‘స్ప్రీ’లో కథానాయకుడు అద్దె కారు డ్రైవరు. ఏళ్ల తరబడి వీడియోలు పెట్టినా చూసే దిక్కు లేదు. పేరు రావాలంటే ఇదే మార్గమని కారెక్కిన వారిని విషం కలిపిన నీళ్ల సీసాలతో చంపుతూ లైవ్ ఇస్తాడు. మొదట్లో చూసేవారు వేళ్ల మీద లెక్కించదగినంత మందే. చూసినవారు సైతం అది నాటకమనుకుని, ఇంకా బాగా చేయాలని సలహాలిస్తారు. నవ్వు వస్తుంది, వచ్చిన మరుక్షణం గొంతులో ఇరుక్కుంటుంది.

పోలండ్ దర్శకుడు యాన్ కొమాసా చిత్రం ‘ది హేటర్’ కూడా 2020లోనే వచ్చింది. కాపీ కొట్టి లా కళాశాల నుంచి బహిష్కృతుడైన యువకుడు, డబ్బు తీసుకుని ఇంటర్నెట్‌లో మనుషుల పరువు తీసే సంస్థలో చేరతాడు. తాను తెర వెనకే ఉండి, వీడియో గేముల్లో పరిచయమైన మరొక యువకుడి చేతికి ఆయుధం అందేలా చేస్తాడు. చిత్రీకరణ పూర్తయిన కొద్ది వారాలకే, 2019 జనవరిలో, పోలండ్‌లోని గ్దాన్‌స్క్ నగర మేయరు బహిరంగ వేదికపై కత్తిపోట్లకు బలయ్యారు. ఊహించి రాసినది అంత త్వరగా వాస్తవానికి పక్కన నిలబడటం ఆ చిత్ర బృందాన్నే కలవరపరిచింది.

వాస్తవం ఎలా ఉంటుందో ఒక లెక్క చెబుతుంది. 2019 మార్చిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదులపై దాడి చేసిన దుండగుడు దానిని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశాడు. ఆ సంస్థ వెల్లడించిన వివరాల ప్రకారం ప్రత్యక్షంగా చూసినవారు 200 మందికి లోపే. తొలి 24 గంటల్లో తొలగించాల్సి వచ్చిన ప్రతులు మాత్రం దాదాపు 15 లక్షలు. హంతకుడు ప్రసారం చేసింది ఒక్కసారి. మిగిలిన ప్రసారమంతా ఇతరులు చేసిపెట్టారు.

ఇక్కడ వార్తారంగం గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. సీసీ కెమెరాలో పడ్డ హత్యకు ఎర్ర వలయం చుట్టి, గంటకు ఇరవైసార్లు తిప్పే చానళ్లకు, ఆ దృశ్యాన్ని వాట్సాప్ గ్రూపులో పంపే కుర్రవాడికి తేడా ఏమిటని ఎవరైనా అడిగితే జవాబు కష్టమే.

‘శివ’ నుంచి మొదలు

తెలుగు తెరపై విద్యార్థుల హింస అనగానే 1989 అక్టోబరు 5న విడుదలైన ‘శివ’ గుర్తుకొస్తుంది. విజయవాడలో ఇంజినీరింగ్ చదివి, అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల దుకాణం నడిపిన రాంగోపాల్ వర్మకు అది తొలి చిత్రం. అన్నపూర్ణ వంటి పెద్ద సంస్థ తీసినది కనుక దీనిని స్వతంత్ర చిత్రం అనలేం. కానీ కళాశాల గేటు దగ్గరి గొడవ ఊరి రౌడీయిజంతో, రౌడీయిజం రాజకీయంతో ఎలా ముడిపడుతుందో కళ్లకు కట్టిన చిత్రమది.

ఆ సినిమా చూసి బయటకు వచ్చిన ఒక తరానికి గుర్తున్నది సైకిలు చైను. కథానాయకుడు దానిని లాగి తెంపే క్షణం. ఆ దెబ్బతో మొదలైన వరుసలో అతని అన్న కూతురు హతమవుతుంది, చివరకు భార్య ప్రాణం పోతుంది. చైనుకు సినిమా కట్టిన వెల అది. జ్ఞాపకం మాత్రం చైను దగ్గరే ఆగిపోయింది. అంటే ముక్క విడిపోయి మొత్తాన్ని మింగేయడం ఫోనులతో మొదలైనది కాదన్నమాట. అప్పుడు కత్తిరింపు ప్రేక్షకుడి మనసులో జరిగేది, ఇప్పుడు ఫోను ఆ పని చేసిపెడుతోంది. 2025 నవంబరు 14న ‘శివ’ను కొత్త హంగులతో తిరిగి విడుదల చేసినప్పుడు సైతం హాలు హోరెత్తింది చైను దగ్గరే.

తరువాతి మెట్టు 2003లో వచ్చిన ‘ఐతే’. చంద్రశేఖర్ ఏలేటి దర్శకుడు, గుణ్ణం గంగరాజు నిర్మాత. పేరున్న తారలు లేరు. పని లేని నలుగురు స్నేహితులు పెద్ద నేరానికి సిద్ధపడే కథ. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. కొట్టుకోవడం కంటే ఆలోచించడం మీద నడిచే థ్రిల్లర్ తెలుగులో చెల్లుతుందని నిరూపించిన సినిమా ఇదని ఈ విలేకరి అభిప్రాయం.

2011లో వర్మ ‘దొంగల ముఠా’ను ఫోటోలు తీసే కెనాన్ కెమెరాలతో ఐదు రోజుల్లో చిత్రీకరించారు. సినిమా అంతంతమాత్రమే. అయితే కెమెరా అద్దె చూసి భయపడే కుర్రవాళ్లకు అది ధైర్యమిచ్చింది. అప్పటికే యూట్యూబ్‌లో తెలుగు లఘుచిత్రాల జోరు మొదలైంది. అక్కడ ‘మధురం’తో పేరు తెచ్చుకున్న ఫణీంద్ర నర్సెట్టి తన తొలి సినిమా కోసం ఫేస్‌బుక్‌లోనే విరాళం లాంటి పెట్టుబడి అడిగారు. సుమారు కోటి రూపాయలు జనమే సమకూర్చారు. అలా 2018 సెప్టెంబరు 7న విడుదలైన ‘మను’ చిత్రకారుడు, వజ్రాలు, హత్య చుట్టూ తిరిగే, మూడు గంటలకు చేరువైన నెమ్మది థ్రిల్లర్. మెచ్చినవారు మెచ్చారు, మధ్యలో లేచినవారు లేచారు. సామాజిక మాధ్యమంలో వచ్చిన పేరు పెట్టుబడిగా మారిన తొలి తెలుగు ఉదాహరణల్లో అది ఒకటి.

ఆ పేరునే కథావస్తువుగా తీసుకోవడంలో మాత్రం తెలుగు సినిమా తటపటాయిస్తోంది. 2022 నాటి ‘లైక్ షేర్ అండ్ సబ్‌స్క్రైబ్’ యూట్యూబర్లను నక్సలైట్ల మధ్యకు తీసుకువెళ్లి నవ్వించడానికే పరిమితమైంది. 2023 నాటి ‘బేబి’ బస్తీ అమ్మాయి కాలేజీకి వెళ్లి, చేతికి ఫోను వచ్చి, కొత్త వేషం, కొత్త స్నేహాల్లోకి జారుకున్న తీరును చూపింది. బాగా ఆడింది. కానీ చూపు కోసం పడే ఆరాటాన్ని ఆ అమ్మాయి తప్పుగా చూపినంత తీక్షణంగా, చూసేవారి తప్పుగా చూపలేదు. ఆమె మోసం చేసే దృశ్యాలకు హాళ్లలో పడ్డ కేకలు, తిట్లు చూస్తే సినిమా ఎటువైపు నిలబడిందో తెలుస్తుంది.

శివారులో జరిగినవి

కథలు తీయడానికి సరుకు లేక కాదు. 2023 ఫిబ్రవరిలో ఎల్బీనగర్ దాటి విజయవాడ రహదారిపై అబ్దుల్లాపూర్‌మెట్ వద్ద ఒక ఇంజినీరింగ్ విద్యార్థి హత్యకు గురయ్యాడు. స్నేహితుడే చంపాడని, చంపిన తరువాత చిత్రాలను ఫోనులో పంపాడని పోలీసులు తెలిపారు. అది పేరు కోసం జరిగిన నేరం కాదు. ప్రేమ వ్యవహారంలో పుట్టిన కక్ష అన్నది అభియోగం. అయినా చేసిన పనికి ఒక ప్రేక్షకురాలు ఉండాలనుకున్న ఆ మనస్తత్వమే జిల్లాను నిద్రపోనివ్వలేదు.

పేరు కోసం చేసే పనులు వేరే తరహావి. 2024 ఆగస్టులో కూకట్‌పల్లి ప్రాంతంలో ఒక యూట్యూబర్ నడిరోడ్డుపై నోట్లు వెదజల్లి, జనం ఎగబడటాన్ని చిత్రించాడు. అదే ఏడాది డిసెంబరులో ఘట్‌కేసర్ వద్ద ఔటర్ రింగ్‌రోడ్డు పక్కన మరొకరు నోట్ల కట్ట విసిరి, వెతుక్కోండంటూ వీడియో పెట్టాడు. రెండింటిలోనూ పోలీసులు కేసులు నమోదు చేశారు. ఔటర్‌పై దూసుకొచ్చే లారీల మధ్య ఎవరైనా బండి ఆపి వెతికితే ఏమయ్యేదో ఊహించనక్కర్లేదు. ఇక్కడ కత్తి లేదు, నెత్తురు లేదు. ఇతరుల ప్రాణాన్ని పెట్టుబడిగా పెట్టి చూపులు కొనుక్కోవడం మాత్రం ఉంది.

దీని వెనక సాదా ఆర్థికం ఉంది. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది చందాదారులు కావాలి. దానితోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా 90 రోజుల్లో చిన్న వీడియోలకు కోటి చూపులు రావాలి. కోటి! పాఠం చెప్పి, పాట పాడి, పొలం చూపించి అంత సంపాదించడానికి ఓపిక కావాలి. జనాన్ని ఉలిక్కిపడేలా చేస్తే త్వరగా వస్తుందని కుర్రవాడు ఇట్టే కనిపెడతాడు. ఏ వీడియోను ఎక్కువమందికి చూపాలో నిర్ణయించే యంత్రం కూడా, మొదటి మూడు నాలుగు సెకన్లలో వేలు జరిపేశారా ఆగారా అన్నదే ముఖ్యంగా చూస్తుంది. ఎందుకు ఆగారో దానికి అక్కర్లేదు.

సినిమా చూసి చేస్తారా?

ఈ ప్రశ్న రాగానే పోలీసులు, తల్లిదండ్రులు ఒకవైపు, సినిమావాళ్లు మరోవైపు నిలుస్తారు. 2023లో మాదకద్రవ్యాల కేసులో ఒక ఫ్లాటుపై దాడి చేసినప్పుడు అక్కడి దృశ్యం ‘బేబి’లోని సన్నివేశాన్ని తలపించిందని అప్పటి హైదరాబాద్ పోలీసు కమిషనర్ సి.వి.ఆనంద్ బహిరంగంగానే అభ్యంతరం తెలిపారు. చిత్ర బృందానికి నోటీసు కూడా వెళ్లింది.

సినిమా ఒక్కటే మనిషిని హంతకుడిని చేస్తుందనడం అతిశయోక్తి. అలాగని ప్రభావమే లేదనడం కూడా నిజాయతీ కాదు. వేషం, నడక, మాట, కోపం ప్రదర్శించే తీరు.. ఇవన్నీ తెర నుంచి వీధిలోకి వస్తాయని ఏ క్షౌరశాల యజమానిని అడిగినా చెబుతాడు. అందువల్లే హింసను చూపాలా వద్దా అన్నదాని కంటే, చూపేటప్పుడు కెమెరా ఎవరి పక్కన నిలిచింది, దెబ్బ తరువాత ఎంతసేపు ఆగింది అన్నవే అసలు ప్రశ్నలు. కొట్టినవాడి చుట్టూ తిరిగి, నెమ్మదిగా నడిపించి, వెనక డప్పు మోగిస్తే అది రీల్‌కు సిద్ధమైన సరుకు. పడినవాడి ఇంటికి కూడా వెళ్లివస్తే దానిని ముప్పై సెకన్లకు కత్తిరించడం కష్టం.

ఎందుకు రావు?

అటువంటి చిత్రాలు ఈ ప్రాంత థియేటర్లకు రాకపోవడానికి మొదటి కారణం డబ్బు. రీళ్లు పోయి డిజిటల్ ప్రదర్శన వచ్చాక నిర్మాత ప్రతి తెరకూ పరికరాల సంస్థకు రుసుము కట్టాలి. ఆ భారంపైనే 2018 మార్చి 2 నుంచి నిర్మాతలు కొత్త చిత్రాలు ఇవ్వకపోవడంతో తెలుగు రాష్ట్రాల్లో థియేటర్లు కొన్నాళ్లు మూతపడ్డాయి. వందల తెరల్లో వసూలు చేసుకునే సినిమాకు అది ఖర్చులో ఒక పద్దు. పది తెరలు దొరికితే చాలనుకునేవాడికి అదే గుదిబండ. దానికి తోడు పోస్టర్లు, ప్రచారం.

థియేటరు యజమాని బాధ కూడా తక్కువేమీ కాదు. 2024 మే నెలలో జనం లేక తెలంగాణలోని సింగిల్ స్క్రీన్ థియేటర్లను పది రోజులపాటు మూసివేయాలని యాజమాన్యాలు నిర్ణయించాయి. 2025 మేలో అద్దెకు బదులు వసూళ్లలో వాటా ఇవ్వాలని కోరుతూ జూన్ 1 నుంచి మూత అని హెచ్చరించి, ఆపై వెనక్కి తగ్గాయి. కరెంటు బిల్లు కట్టలేనివాడిని కళాత్మక చిత్రానికి ఆట ఇవ్వమంటే ఏమంటాడు? మండల కేంద్రాల్లో హాళ్లు ఎన్నో ఇప్పటికే ఫంక్షన్ హాళ్లుగా, గోదాములుగా మారిపోయాయి.

రెండో కారణం సర్టిఫికెట్. నెత్తురు, బూతు, మత్తు ఉన్న చిత్రానికి సహజంగానే ‘ఎ’ వస్తుంది. అప్పుడు పద్దెనిమిదేళ్లు నిండనివారికి ప్రవేశం లేదు. ఎవరి కథో ఆ ఇంటర్ విద్యార్థే గేటు బయట ఆగిపోతాడు, ఫోనులో ముక్క చూస్తాడు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం పాత ‘యు/ఎ’ను 7, 13, 16 ఏళ్ల వారీగా మూడు మెట్లు చేసింది. పదహారేళ్లవారు తల్లిదండ్రుల విచక్షణ మేరకు చూడదగిన మెట్టు ఒకటి ఏర్పడటం ఇటువంటి చిత్రాలకు మేలే. టికెట్టు కొనేముందు ఆ అంకె చూసే అలవాటు తల్లిదండ్రులకు ఇంకా రావాల్సి ఉంది. ఓటీటీలకు 2021 నిబంధనలు ఇలాంటి వర్గీకరణనే విధించినా, హాస్టలు గదిలో నలుగురు ఒకే పాస్‌వర్డ్‌తో చూసేచోట ఆ అంకెను పట్టించుకునేదెవరు?

ఇక ఇలాంటి చిత్రాలను నలుగురితో కలిసి చూసి, వాటి గురించి మాట్లాడుకోవాలనుకునేవారు నగరం అవతలి వైపుకు వెళ్లాల్సిందే. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్‌లో డాక్యుమెంటరీలు, స్వతంత్ర చిత్రాలు ప్రదర్శిస్తుంటారు. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ వరకు మెట్రో వచ్చాక దారి కొంత దగ్గరైంది. రైలు దిగి, ఆపై ఆటో ఎక్కాలి. సినిమా అయ్యాక చర్చకు కూడా కూర్చోదలచినవారు ఎల్బీనగర్ వైపు చివరి రైలు వేళ ముందే చూసుకోవడం మంచిది.